సైకిలెక్కిన శాసనకర్త — పుచ్చలపల్లి సుందరయ్య

ఆంధ్రుల ప్రజాజీవితంలో ఖ్యాతి గడించిన పెద్దల పేరు వినగానే మనస్సులో ఏదో ఒక రూపం మెదలుతుంది. ప్రకాశం పంతులుగారనగానే తుపాకికి ఎదురొడ్డిన రొమ్ము జ్ఞప్తికి వస్తుంది. కాటన్ దొర అనగానే ధవళేశ్వరం ఆనకట్ట కళ్ళకు కడుతుంది. పుచ్చలపల్లి సుందరయ్యగారి పేరు చెప్పగానే మాత్రం ఒక సామాన్యమైన వస్తువు ముందుకు వచ్చి నిలుస్తుంది. అది సైకిలు. ఆయన సిద్ధాంతాన్ని అంగీకరించినవారూ, అంగీకరించనివారూ కూడ ఆ ఒక్క విషయంలో ఏకాభిప్రాయులు. ఢిల్లీలో పార్లమెంటుకూ, హైదరాబాదులో శాసనసభకూ సైకిలు మీద వెళ్ళిన సభ్యుడని ఆయనను రెండు మూడు తరాలవారు చెప్పుకొంటూ వచ్చారు.

ఈ వృత్తాంతాన్ని కేవలం నిరాడంబరతకు నిదర్శనంగా చెప్పి ఊరకుంటే ఆయనకు పూర్తి న్యాయం చేసినట్లు కాదు. నిరాడంబరులు మన దేశంలో ఎందరో ఉన్నారు. సుందరయ్యగారి విషయంలో సైకిలు ఒక వ్రతచిహ్నం కాదు, పనిముట్టు. రైతుకు కాడి ఎట్లాంటిదో, ఉపాధ్యాయునికి సుద్దముక్క ఎట్లాంటిదో, ఊరూరా తిరిగి సంఘాలు కట్టే కార్యకర్తకు సైకిలు అట్లాంటిది. పదవి వచ్చినప్పుడు పనిముట్టు మార్చుకోవడం లోకరీతి. ఆయన మార్చుకోలేదు. ఆ జీవితంలో విశేషమంతా ఇందులోనే ఉంది.

బాల్యం, విద్య

సుందరయ్యగారు 1913వ సంవత్సరం మే 1వ తేదీన నెల్లూరు జిల్లా అలగానిపాడు గ్రామంలో జన్మించారు. తలిదండ్రులు పెట్టిన పేరు వెంకట సుందరరామిరెడ్డి. భూవసతి గల సంపన్న కుటుంబం. ఆరేండ్ల వయస్సులో తండ్రి గతించారు. బావగారి సంరక్షణలో చదువు సాగింది. ఆయన న్యాయశాఖలో ఉద్యోగి కావడంచేత బదిలీల వెంట బాలుని బడులు కూడ మారుతూ వచ్చాయి. తిరువళ్ళూరు, ఏలూరు, రాజమహేంద్రవరం, మదరాసు — ఇట్లా చిన్నతనంలోనే నాలుగు ఊళ్ళ నీళ్ళు త్రాగిన బాలుడు ఆయన. సంపన్నుల ఇంట పుట్టినా ఒకచోట స్థిరంగా కూర్చుండే అలవాటు ఆయనకు మొదటినుంచీ కలుగలేదు.

1930లో గాంధీమహాత్ముడు ఉప్పు సత్యాగ్రహం ఆరంభించినప్పుడు సుందరయ్యగారికి పదునేడవ ఏడు. కళాశాల విడిచి ఉద్యమంలో దూకి అరెస్టయ్యారు. వయస్సు చాలనందువల్ల ఆయనను బోర్‌స్టల్ బడిలో ఉంచారు. అక్కడి పరిచయాలు, ఆ తరువాత అమీర్ హైదర్ ఖాన్ సాహచర్యం ఆయనను సామ్యవాదంవైపు త్రిప్పాయి. విడుదలై స్వగ్రామం చేరి వ్యవసాయ కూలీలను సంఘటితపరచారు. కులభేదాలను ధిక్కరించి తన పేరు చివరనున్న కులసూచకమైన పదాన్ని కోసివేశారు. భూస్వామి బిడ్డ కూలీల పక్షాన నిలిచి కూలిరేట్లు అడుగుతుంటే స్వకులంవారికీ, బంధువులకూ ఎంత కంటగింపుగా ఉండి ఉంటుందో పల్లెటూరి సంగతి తెలిసినవారికి వివరించనక్కరలేదు. తరువాత తన వాటాకు వచ్చిన పిత్రార్జితాన్ని ఉద్యమానికే సమర్పించారు.

1934లో ఆయన కమ్యూనిస్టు పార్టీ కేంద్ర సంఘంలో సభ్యులయ్యారు. అప్పటికి ఇరవైయొక్క ఏండ్లు. దక్షిణ దేశంలో పార్టీని నిర్మించే భారం ఆయనపై పడింది. ఆంధ్రంలోనే కాక మలయాళ దేశంలో కూడ తిరిగి కృష్ణపిళ్ళె, నంబూద్రిపాద్ వంటివారిని పార్టీలోకి తేవడంలో ఆయన ప్రధాన పాత్ర వహించారు. అప్పుడు పార్టీపై నిషేధం ఉంది. బహిరంగంగా కాంగ్రెస్ సోషలిస్టు పార్టీలో పనిచేస్తూ, చాటున కమ్యూనిస్టు సంస్థను కట్టడం ఆనాటి పద్ధతి.

డెల్టా దారులు

ఆంధ్రదేశంలో ఈ కార్యక్రమానికంతకూ కూడలి బెజవాడ అయింది. రైళ్ళు నాలుగు దిక్కులనుంచీ వచ్చి కలిసే పట్టణం కావడం ఒక కారణం. కృష్ణా డెల్టా గ్రామాలు చేరువలో ఉండడం మరొక కారణం. 1855లో పూర్తయిన ఆనకట్టనుంచి బయలుదేరిన ఏలూరు కాలువ, బందరు కాలువ, రైవస్ కాలువ పల్లెలను పట్టణంతో ముడివేశాయి. 1940లలో ప్రజాశక్తి పత్రిక వెలువడింది కూడ ఈ పట్టణంనుంచే.

ఆ దినాలలో డెల్టాలో ప్రయాణమంటే ఏమిటో నేటి విద్యార్థులకు కొంత చెప్పవలసి ఉన్నది. బస్సులు కొద్ది. కాలువలలో పడవలు నడిచేవి గాని మందగమనం. ఊరికీ ఊరికీ మధ్య కాలువగట్టే దారి. డెల్టాలో కాలువను ఎత్తుగా ఉన్న మిట్టమీదుగా నడిపి, పల్లంలో మురుగుకాలువను త్రవ్వుతారు. అట్లయితేనే నీరు తనంతట తాను పొలానికి దిగి, మిగిలినది మురుగులోకి పోతుంది. కనుక గట్టుమీద పోయేవానికి ఇరుప్రక్కల పొలాలన్నీ క్రిందుగా, అరచేతిలో ఉన్నట్లు కనిపిస్తాయి. ఎవరి మడిలో నాట్లు పడ్డవి, ఎవరి చేనికి నీరందలేదు, ఏ గూడెంలో పొగ లేవలేదు — అంతా గట్టుమీదినుంచే తెలుస్తుంది.

ఆ గట్టుకు తగిన వాహనం సైకిలు. ఒక గేరు, బరువైన ఇనుప చట్రం, వెనుక క్యారియరు. మొదట అవన్నీ సీమనుంచి దిగుమతి అయినవే. 1949లో మదరాసులో టి.ఐ. సైకిల్స్ సంస్థ, 1951లో సోనీపట్‌లో అట్లాస్ సంస్థ ఏర్పడిన తరువాతనే స్వదేశీ సైకిళ్ళు విరివిగా వచ్చాయి. మనిషి నడకకు మూడు నాలుగింతల వేగంతో పోయే ఆ బండికి గడ్డి పెట్టనక్కరలేదు, పెట్రోలు పోయనక్కరలేదు. క్యారియరుపై పత్రికల కట్టో, కరపత్రాల మూటో కట్టుకొని ఒక్క దినంలో నాలుగు ఊళ్ళు చుట్టి రావచ్చును.

అయితే అది సుఖప్రయాణమని ఎవరూ భ్రమపడరాదు. వానకాలంలో నల్లరేగడి మన్ను చక్రానికీ మడ్‌గార్డుకూ నడుమ కూరుకొని బండిని కదలనీయదు. అప్పుడు మనిషిని మోయవలసిన సైకిలును మనిషే భుజాన మోయాలి. వేసవిలో వడగాలి. డెల్టాలో కొండలు లేవని అందరూ అనుకొంటారు గాని అక్కడ ఎదురుగాలియే కొండ. ఎక్కి దిగే కొండకు దిగుడు సుఖమైనా ఉన్నది. ఎదురుగాలికి అదీ లేదు. నిజమైన కొండలు బెజవాడ చుట్టూ ఉన్నాయి. ఇంద్రకీలాద్రి, మొగల్రాజపురం, గుణదల ఊరిని ఆనుకొని ఉండగా, కృష్ణకు ఆవలి ఒడ్డున సీతానగరం, ఉండవల్లి గుట్టలున్నాయి. పడమటగా పోతే కొండపల్లి అడవి కొండలు తగులుతాయి. గన్నవరానికి ఉత్తరాన మెట్టనేల, ఎర్రమట్టి, అక్కడక్కడ గుట్టలు. దక్షిణాన పల్లం, వరిచేలు. ఒకే తాలూకాలో కొండదారీ కాలువదారీ కలిసి ఉండడం ఆ ప్రాంతపు ప్రత్యేకత.

ఇట్టి నేలమీద ఆ తరం కార్యకర్తలు కాలినడకనో సైకిలుమీదనో తిరిగి రైతు సంఘాలనూ, కూలి సంఘాలనూ నిర్మించారు. వారిలో సుందరయ్యగారు అగ్రగణ్యులు. దృఢమైన శరీరం, క్రమం తప్పని వ్యాయామం, మితాహారం ఆయన సొత్తు. తోటివారి చేత కూడ అట్టి క్రమశిక్షణనే కోరేవారు. ఆయన కాఠిన్యం కొందరికి కష్టంగా తోచేది. తనకు మినహాయింపు కోరని కాఠిన్యం కనుక ఎదురు చెప్పలేకపోయేవారు. 1943లో బొంబాయిలో పార్టీ పని చేస్తూండిన లీలగారిని వివాహమాడారు. సంతానం ఉంటే ప్రజాకార్యానికి అడ్డమగునని తలచి దంపతులిద్దరూ బిడ్డలు వద్దని నిశ్చయించుకొన్నారు. ఆ నిశ్చయం చివరివరకూ నిలిచింది.

అడవులు, కొండలు

సైకిలు పోలేని దారులు కూడ ఆయన జీవితంలో కలవు. 1946లో నైజాము రాజ్యంలో రైతాంగ పోరాటం ఉవ్వెత్తున లేచింది. జమీందార్ల వెట్టికీ, రజాకార్ల దౌర్జన్యానికీ ఎదురు తిరిగిన తెలంగాణ పల్లెలకు బెజవాడ వెనుక బలంగా నిలిచింది. 1948 సెప్టెంబరులో భారత సైన్యం హైదరాబాదులో ప్రవేశించిన తరువాత కూడ పోరాటం సాగింది. పార్టీపై ప్రభుత్వం విరుచుకుపడింది. సుందరయ్యగారు అజ్ఞాతవాసంలోకి వెళ్ళి అడవులలోనూ కొండలలోనూ దళాల మధ్య సంచరించారు. 1951 అక్టోబరులో పోరాట విరమణ ప్రకటన వెలువడింది.

ఈ పోరాటాన్ని గురించి భిన్నాభిప్రాయాలు నేటికీ ఉన్నవి. సైన్యం వచ్చిన తరువాత పోరును కొనసాగించడం పొరపాటని పార్టీలోనే పలువురు తలచారు. సుందరయ్యగారు 1972లో ఆ చరిత్రను పెద్ద గ్రంథంగా రచించారు. సుమారు 3000 గ్రామాలలో 10 లక్షల ఎకరాల భూమి పంపకం జరిగిందనీ, 4000 మంది వరకు ప్రాణాలు కోల్పోయారనీ అందులో లెక్క కట్టారు. మృతుల పేర్లు, ఊళ్ళు, సంఘటనలు ఓపికగా కూర్చిన గ్రంథమది. తీర్పు ఎవరిదైనా, ఆ కాలాన్ని చదువబోయే విద్యార్థి దానిని విడిచిపోజాలడు.

రైసీనా గుట్ట క్రింద

1952లో ఆయన రాజ్యసభకు ఎన్నికైనారు. అక్కడ కమ్యూనిస్టు వర్గానికి నాయకులయ్యారు. అడవినుంచి వచ్చిన మనిషి ఒక్కసారిగా రాజధాని నడిబొడ్డున నిలిచారు. 1927లో ప్రారంభమైన ఆ వలయాకారపు పార్లమెంటు భవనం రైసీనా గుట్ట క్రింద ఉన్నది. చుట్టూ వెడల్పైన రాజవీథులు, వరుసగా నేరేడు చెట్లు, వేపచెట్లు, పచ్చిక బయళ్ళు. వైస్రాయిల ఊరేగింపులకోసం నిర్మించిన బాటలవి. ఆ బాటలమీద, మోటారుకార్ల నడుమ, ఆంధ్రదేశపు సభ్యుడొకరు సైకిలు తొక్కుకొంటూ సభకు వచ్చేవారు.

ఆ దృశ్యం చూచినవారికి వింత. ఆయనకు మాత్రం వింత ఏమీ లేదు. బెజవాడలో కాలువగట్టుమీద పోయినట్లే ఇక్కడ రాజవీథిలో పోతున్నారు. వాహనం అదే, దారి వేరు. సభ్యునికి గౌరవం కారువల్ల కలుగదనీ, సభలో చేసే పనివల్లనే కలుగుతుందనీ ఆయన నోటితో చెప్పలేదు. ప్రతిదినం చేసి చూపారు. సభలో లేచినప్పుడు అంకెలతో, ఆధారాలతో మాట్లాడేవారు. నీటిపారుదల, భూసంస్కరణ, ఆంధ్రరాష్ట్ర నిర్మాణం ఆయనకు ప్రీతిపాత్రమైన విషయాలు. తెలుగువారందరూ ఒకే రాష్ట్రంగా ఉండాలని 1940లలోనే వాదించినవారిలో ఆయన ఒకరు.

గన్నవరం ప్రతినిధి

1955లో ఆంధ్రరాష్ట్ర శాసనసభకు మధ్యంతర ఎన్నికలు వచ్చాయి. సుందరయ్యగారు రాజ్యసభను విడిచి గన్నవరంనుంచి పోటీచేశారు. అధికారం తమదేనని కమ్యూనిస్టులు ఆశించిన ఎన్నికలవి. ఫలితం తలక్రిందులైంది. 196 స్థానాలలో వారికి దక్కినవి 15 మాత్రమే. పార్టీ మహావృక్షం కూలిన ఆ గాలివానలో గన్నవరం మాత్రం సుందరయ్యగారిని నిలిపింది. దీనినుంచి గ్రహించవలసిన పాఠం రెండు విధాలు. ఒక మనిషి నడవడి ఎంత గొప్పదైనా అది పార్టీ మొత్తానికి ఓట్లు తెచ్చిపెట్టదు. అయినా ఆ మనిషిని దగ్గరగా ఎరిగిన ఊళ్ళు గాలివాటున కొట్టుకొనిపోకుండ ఆలోచించి నిర్ణయించుకోగలవు. 1962లోనూ, మరల 1978లోనూ గన్నవరం ఆయననే పంపింది.

1956 నవంబరు 1న ఆంధ్రప్రదేశ్ అవతరించి రాజధాని హైదరాబాదుకు మారింది. హైదరాబాదు ఎత్తుపల్లాల ఊరు. రాతిగుట్టలమీద, గుట్టల సందులలో పెరిగిన నగరం. అక్కడ సైకిలు తొక్కడం డెల్టాలో తొక్కినట్లు కాదు. ఒక వీథి ఎక్కితే మరొక వీథి దిగాలి. శాసనసభా భవనం 1913లో టౌనుహాలుగా పూర్తయినది. చిత్రమేమనగా అది సుందరయ్యగారు పుట్టిన సంవత్సరమే. దానికి ఒక ప్రక్క బాగె ఆం అనే పబ్లిక్ గార్డెన్స్, ఎదుట నౌబత్ పహాడ్ గుట్ట. తోట చెట్ల నీడన, గుట్ట వాలున ఉన్న ఆ తెల్లని సౌధానికి ఆయన సైకిలుమీదనే వచ్చేవారు. ప్రతిపక్షంలో కూర్చుండి ప్రభుత్వాన్ని గట్టిగా నిలదీసేవారు. అయినా వ్యక్తిగతంగా ఎవరినీ తూలనాడకపోవడంచేత ప్రభుత్వ పక్షంవారు కూడ ఆయన లేచినప్పుడు శ్రద్ధగా వినేవారు.

శాసనసభ్యుడు ఏ వాహనంలో వస్తేనేమి, మాట్లాడే మాట ముఖ్యం గాని అని అడుగవచ్చు. అది న్యాయమైన ప్రశ్నయే. దానికి సమాధానం వేగంలో ఉన్నది. కారులో పోయేవానికి దారి ప్రక్క మనిషి ఒక రెప్పపాటు మాత్రమే కనిపిస్తాడు. సైకిలుమీద పోయేవాడు పిలిస్తే ఆగగలడు. దిగి నిలబడితే ఇద్దరి కళ్ళూ ఒకే ఎత్తున ఉంటాయి. రోడ్డు గుంతలు అతని నడుముకే తెలుస్తాయి. వీథిదీపం వెలుగకపోతే అతడే తడుముకోవాలి. అధికారుల నివేదికలు చెప్పక ముందే సంగతులు అతనికి తెలుస్తాయి. సుందరయ్యగారి అంకెలకు ఆ బలం ఉండడానికి గ్రంథపఠనం ఎంత కారణమో ఈ దారుల చదువు కూడ అంత కారణం.

పదవి, పరిత్యాగం

1964లో కమ్యూనిస్టు పార్టీ చీలినప్పుడు ఆయన మార్క్సిస్టు పార్టీకి ప్రధాన కార్యదర్శి అయ్యారు. ఆ బాధ్యత స్వీకరించిన కాలంలోనే నిర్బంధం కూడ ప్రాప్తించింది. 1976లో, అత్యయిక పరిస్థితి నడుస్తున్న దినాలలో, పార్టీ అనుసరించే మార్గం విషయమై సహచరులతో అభిప్రాయభేదం వచ్చి ప్రధాన కార్యదర్శి పదవికి రాజీనామా చేశారు. పదవిలో ఉంటూ నమ్మనిదానిని నడపడం ఆయనకు ఇష్టం లేకపోయింది. అట్లని పార్టీని విడిచిపోలేదు, నిందాపర్వానికీ దిగలేదు. తిరిగి ఆంధ్రదేశం వచ్చి రాష్ట్రంలో పార్టీ పని చేపట్టారు. అఖిల భారత నాయకత్వంనుంచి సొంత జిల్లాల పనికి దిగడం పలువురికి దిగజారడంగా తోస్తుంది. మొదటినుంచీ ఊళ్ళలో పనినే పనిగా తలచిన ఆయనకు అట్లు తోచలేదు. 1978లో మళ్ళీ గన్నవరం ఊళ్ళలో ఓట్లు అడిగి గెలిచినప్పుడు ఆయనకు అరువదియైదవ ఏడు.

1985 మే 19న మదరాసులో ఆయన కన్నుమూశారు. డెబ్బదిరెండేండ్ల జీవితంలో స్వంత ఆస్తి అని చెప్పదగినది మిగుల్చుకోలేదు. మిగిలినవి పుస్తకాలు. హైదరాబాదు బాగ్‌లింగంపల్లిలో 1988లో ఏర్పడిన సుందరయ్య విజ్ఞానకేంద్రం పరిశోధకులకు, విద్యార్థులకు నేడు ఉపయోగపడుతున్న గ్రంథాలయం. అదే పేటలో ఆయన పేరిట ఒక ఉద్యానవనం కూడ ఉన్నది. సైకిలు తొక్కి తోట ప్రక్కనున్న సభకు వెళ్ళిన మనిషి పేరు ఒక గ్రంథాలయానికీ ఒక తోటకూ నిలవడం సముచితంగానే ఉన్నది.

1957లో ప్రకాశం బ్యారేజి ప్రారంభమైనప్పటినుంచి బెజవాడ సైకిలు కృష్ణ మీదుగా ఆవలి కొండల దాకా తేలికగా పోగలుగుతున్నది. నాడు సైకిలు పేదవాని అవసరం. నేడు అదే బండి ఆరోగ్యానికీ వినోదానికీ సాధనమై, గేర్లు తగిలించుకొని, వేకువజామున కొండపల్లి వైపో ఉండవల్లి వైపో సాగుతున్నది. ఇది సంతోషింపదగిన మార్పే. కాని బడికి ఐదుమైళ్ళు తొక్కే పల్లె బాలికకూ, కూలికి పోయే వృద్ధునికీ అది నేటికీ వినోదం కాదు, జీవనం. గట్టుమీది దారి బాగుండాలని గట్టిగా అడిగే నోరు వారికి కావాలి. ఆ దారినే రోజూ తొక్కిన సభ్యుడు ఉంటే అడిగే మాటకు బరువు హెచ్చుతుంది. సుందరయ్యగారి జీవితాన్ని బడిలో బోధించే ఉపాధ్యాయుడు ఆయన రాజకీయాన్ని సమర్థించనక్కరలేదు, ఖండించనక్కరలేదు. ప్రజలు పంపగా పెద్ద సభకు పోయిన మనిషి, వారు నడిచే దారిని విడిచిపోకుండ ఉండగలడని ఒకరు నిరూపించారని చెబితే చాలును. మిగిలిన ప్రశ్నలు పిల్లలే అడుగుతారు.